తిన్నావా అని రోజూ అడిగాం

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. 2013లో, ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉండగా జబ్బు బయటపడింది. వాడూ అమ్మా గుంటూరు పట్టాభిపురంలో ఉంటారు, నేను పెళ్ళయి విజయవాడ సత్యనారాయణపురం వచ్చేశాను. నాన్న లేరు. ఇన్నేళ్ళ కథంతా రాయబోవడం లేదు. 2023 మే నెలలో జరిగిన ఒక్క సంగతి రాస్తాను. వాడు వేసుకునే క్లోజపిన్ అనే మందు వాడుతున్న ఇళ్ళల్లో చాలామందికి దీని గురించి ఎవరూ చెప్పి ఉండరని నా అనుమానం. మాకైతే చెప్పలేదు.

మొదట రిస్పెరిడోన్ వాడారు, తర్వాత ఓలాంజపిన్. రెండూ నెలల తరబడి పూర్తి మోతాదులో వేసుకున్నా, ఎవరూ లేకపోయినా వాడికి వినపడే గొంతులు తగ్గలేదు. కింది వాటా వాళ్ళు నిద్రలో తన కడుపులోకి వైరు దింపారని, దాని ద్వారా తన మాటలు వింటున్నారని వాడి నమ్మకం. రాత్రి పూట బొడ్డు మీద తువ్వాలు బిగించి కట్టుకుని పడుకునేవాడు. ఈ వైరు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

రెండు మందులకీ లొంగని వాళ్ళకి క్లోజపిన్ ఇస్తారు. 2022 సెప్టెంబర్‌లో మొదలుపెట్టారు. 12.5 మిల్లీగ్రాములతో మొదలై మెల్లగా 300కి చేరింది. మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష. 1975లో ఫిన్లాండ్‌లో ఈ మందు వేసుకున్నవాళ్ళలో కొందరికి తెల్ల రక్తకణాలు పడిపోయి చనిపోయారట. అప్పుడు చాలా దేశాల్లో దీన్ని పక్కన పెట్టేశారు. వేరే మందులకి లొంగని వాళ్ళకి ఇది బాగా పనిచేస్తుందని 1988లో ఒక పెద్ద అధ్యయనం తేల్చాక, రక్తపరీక్షల షరతుతో మళ్ళీ తెచ్చారు. అందుకే మేము ఒక్క సోమవారం కూడా తప్పించలేదు. రిపోర్టులన్నీ తేదీల వారీగా ఫైల్లో పెట్టాను. ప్రతిసారీ క్లినిక్‌లో న్యూట్రోఫిల్స్, అంటే తెల్ల రక్తకణాల్లో ఒక రకం, ఎంత అని చూశారు. కడుపు ఎలా ఉంది అని ఒక్కసారి కూడా అడగలేదు. మేమూ చెప్పలేదు.

మందు పనిచేసింది. ఫిబ్రవరిలో ఒకరోజు సాయంత్రం వాడు ఒక్కడే శంకర్ విలాస్ సెంటర్ దాకా నడిచి వెళ్ళి అమ్మకి మల్లెపూలు తెచ్చాడు. తొమ్మిదేళ్ళలో వాడు ఒంటరిగా బజారుకి వెళ్ళడం అదే మొదలు. అమ్మ ఫోన్ చేసి ఆ మాట చెప్పి, తర్వాత ఏమీ మాట్లాడలేకపోయింది. నేను ఇక్కడ బస్‌స్టాపులో నిలబడి ఏడ్చాను. ఈ మందుని తిట్టడానికి ఇది రాయడం లేదని అర్థం కావాలనే ఇంతగా చెబుతున్నాను.

ఇబ్బందులూ ఉన్నాయి. ఆరు నెలల్లో 11 కిలోలు పెరిగాడు. రాత్రి నిద్రలో నోట్లోంచి చొంగ కారి దిండు తడిసి ముద్దయ్యేది. అమ్మ రోజూ దిండు గలీబులు ఉతికి ఆరేసేది. మార్చిలో క్లినిక్‌లో చెబితే దానికి ట్రైహెక్సీఫెనిడిల్ అనే మాత్ర రాశారు. చొంగ కాస్త తగ్గింది. మేము సంతోషించాం.

ఏప్రిల్ చివరికి వాడు అన్నం సగంలో వదిలేయడం మొదలుపెట్టాడు. బయట గుంటూరు ఎండలు. వేడి చేసింది అంది అమ్మ. పండుమిరపకాయ పచ్చడి మాన్పించి సబ్జా నీళ్ళు, మజ్జిగ పోసింది. రాత్రి ఇసబ్‌గోల్ పొట్టు రెండు చెంచాలు అరగ్లాసు నీళ్ళలో కలిపి ఇచ్చేది. మన ఇళ్ళల్లో ఎవరైనా చేసేదే.

మే రెండో వారంలో ఫోన్‌లో అన్నాడు: "అక్కా, కడుపులో సిమెంటు పోసినట్టుందే. గట్టిపడిపోతోంది."

నాకు గుండె జారిపోయింది. కడుపు గురించి కాదు, జబ్బు తిరగబెట్టిందని. పాత వైరు మళ్ళీ వచ్చింది, ఈసారి సిమెంటు రూపంలో వచ్చింది అనుకున్నాను. "అలాంటిదేమీ లేదురా, నీకు అలా అనిపిస్తోందంతే" అన్నాను. ఎంతో ఓర్పుగా, ప్రేమగా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. వాడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నేనే వినలేదు.

క్లినిక్‌కి ఫోన్ చేసి మళ్ళీ ఏవో ఊహలు వస్తున్నాయని చెప్పాను. క్లోజపిన్ అరమాత్ర పెంచమన్నారు. పెంచాం.

తర్వాత రెండు రోజులు వాడికి కొంచెం కొంచెం నీళ్ళలా విరేచనం అయి బట్టలు పాడయ్యాయి. హమ్మయ్య, కడుపు ఖాళీ అవుతోంది అనుకుంది అమ్మ. అంతలోనే భయపడి, విరేచనాలు ఆగే మాత్ర తెమ్మని పక్కింటి అబ్బాయిని పంపింది. మెడికల్ షాపు మూసేసి ఉంది. ఆ రోజు అది తెరిచి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోలేను. గట్టిపడిన మలం లోపల అడ్డుపడితే, దాని పక్కనుంచి నీళ్ళు మాత్రం కారతాయట. చూసేవాళ్ళకి విరేచనాల్లా కనిపిస్తుంది. లోపల మాత్రం అంతా బిగుసుకుపోయి ఉంటుంది.

శనివారం రాత్రి 11 దాటాక అమ్మ ఫోన్. "చిన్నోడు వాంతులు చేసుకుంటున్నాడే." మా వారు కారు తీశారు. మంగళగిరి, కాజ టోల్‌గేటు దాటి గుంటూరు చేరేసరికి పన్నెండున్నర. వాడి పొట్ట ఉబ్బి, వేలితో తడితే డోలులా మోగుతోంది. కొత్తపేటలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పేరు రాయను. డ్యూటీలో ఉన్నాయన మందుల చీటీ చూసి, "ఓ, సైకియాట్రీ కేసా" అన్నాడు. పొట్ట మీద చెయ్యి కూడా వెయ్యలేదు. గ్యాస్‌కి ఒక ఇంజెక్షన్, నిద్రకి ఒకటి ఇచ్చి పంపించేశాడు. మేము కూడా వారం రోజులుగా చేసింది అదేగా, అందుకని ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

తెల్లవారుజామున వాంతి ఆకుపచ్చగా, వాసనగా వచ్చింది. ఇంకో ఆసుపత్రికి పరుగెత్తాం. అక్కడ క్యాజువాలిటీలో చాలా చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. ముందు పొట్ట అంతా ఒత్తి చూసింది, స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు వింది. చప్పుడేమీ లేదంది. అప్పుడు రెండు ప్రశ్నలు అడిగింది. ఏ మందులు వాడుతున్నారు? చివరిసారి మోషన్ సరిగ్గా ఎప్పుడయింది?

మొదటిదానికి ఫైలు తీసి ఇచ్చాను. రెండోదానికి అమ్మ నా మొహం చూసింది, నేను అమ్మ మొహం చూశాను. ఎనిమిది నెలల రక్తపరీక్షలు తేదీలతో సహా నా చేతిలో ఉన్నాయి. వాడు దొడ్డికి వెళ్ళి ఎన్ని రోజులైందో మా ఇద్దరికీ తెలియదు. వాడినే అడిగితే "పది రోజులు అయ్యుంటుంది" అన్నాడు. ఎందుకు చెప్పలేదురా అంటే, "ఎవరూ అడగలేదుగా" అన్నాడు.

నిజమే. మన ఇళ్ళల్లో ఫోన్ ఎత్తగానే అడిగే మొదటి మాట తిన్నావా అనేదే. ఏం తిన్నావు, కూరేం చేశారు, పెరుగు వేసుకున్నావా. నేను రోజుకి రెండుసార్లు అడిగేదాన్ని. ముప్పై ఏళ్ళ మగపిల్లాడిని మోషన్ అయిందా అని అక్క ఎలా అడుగుతుంది? పసిపిల్లల్నీ ముసలివాళ్ళనీ అడుగుతాం. నడి వయసులో ఉన్నవాళ్ళని అడగం.

నిలబెట్టి తీసిన ఎక్స్‌రేని ఆ డాక్టరమ్మ లైటుకి పెట్టి చూపించింది. పేగులు బెలూన్లలా ఉబ్బి ఉన్నాయి, వాటిల్లో నీటిమట్టం గీతలు మెట్లమెట్లుగా కనిపించాయి. "పేగు కదలడం లేదమ్మా. క్లోజపిన్‌తో ఇలా అవుతుంది" అంది. సీటీ స్కాన్ తీస్తే మెలికపడటం, గడ్డ లాంటివేమీ లేవని తేలింది. పెద్దపేగు మొత్తం నిండిపోయి ఉంది.

ముక్కులోంచి రైల్స్ ట్యూబ్ వేశారు. సంచిలోకి లీటరున్నర దాకా ఆకుపచ్చ నీళ్ళు వచ్చాయి. సెలైన్, తగ్గిపోయిన పొటాషియం ఎక్కించారు. పొటాషియం తగ్గినా పేగు కదలదట. ఎనిమాలు ఇచ్చారు, చేత్తో తీశారు. వాడు నా చెయ్యి పట్టుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సర్జన్ గారు వచ్చి, 24 గంటలు చూద్దాం, పేగు చిల్లు పడే సూచన కనిపిస్తే ఆపరేషన్ తప్పదు, సంతకం పెట్టండి అన్నారు. సంతకం అమ్మ పెట్టింది.

సోమవారం రాత్రి రెండింటికి వాడికి గ్యాస్ పోయింది. నైట్ డ్యూటీ సిస్టర్ అది విని మంచం దగ్గరికి వచ్చి, "ఇంక భయం లేదు నాన్నా" అంటూ వాడి తల నిమిరింది. వార్డులో పక్క మంచాల వాళ్ళు కూడా లేచి కూర్చున్నారు. ఒకాయన దండం పెట్టాడు.

పేగు గండం గడిచింది కానీ అసలు కష్టం అప్పుడే మొదలైంది. శనివారం రాత్రి నుంచి వాడికి నోటి ద్వారా ఏదీ ఇవ్వలేదు. అంటే క్లోజపిన్ కూడా లేదు. మంగళవారం ఆ ఆసుపత్రికే వచ్చే సైకియాట్రిస్ట్ మేడమ్ చూసి, మొదట గంటలు లెక్కపెట్టారు. క్లోజపిన్ 48 గంటలకి మించి ఆగితే పాత మోతాదు నేరుగా ఇవ్వకూడదు, బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు, ఫిట్స్ రావచ్చు. మళ్ళీ 12.5 నుంచి మెట్టు మెట్టు ఎక్కాలి. ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. మేమే అయితే ఇంటికి రాగానే పాత మాత్ర వేసేసేవాళ్ళం.

ఆ మూడు వారాలు ఎలా గడిచాయో చెప్పలేను. గొంతులు తిరిగొచ్చాయి. వాడు వంటింటి మూల కూర్చుని చెవులు మూసుకునేవాడు. ముక్కులో గొట్టం వేసి వైరు తీసేశారని ఒకరోజు, కొత్త వైరు పెట్టారని ఇంకోరోజు. నేను సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. రాత్రిళ్ళు వాడి మంచం పక్కనే చాప వేసుకుని పడుకునేదాన్ని. పద్దెనిమిదో రోజున పొద్దున్నే కాఫీ తాగుతూ, "అక్కా, ఇవాళ కాస్త దూరంగా వినపడుతున్నాయి" అన్నాడు.

మేడమ్ చెప్పినవన్నీ నేను పుస్తకంలో రాసుకున్నాను. పేగు కండరాన్ని కదిలించేది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం. క్లోజపిన్ దాన్ని పనిచేయనివ్వదు. ఇదే మందు నోట్లో చొంగ పెంచుతుంది, కానీ కింద పేగుని పడుకోబెడుతుంది. చొంగకి ఇచ్చిన ట్రైహెక్సీఫెనిడిల్ కూడా ఎసిటైల్‌కోలిన్‌ని అడ్డుకునేదే. అంటే రెండు తాళాలు పడ్డాయి. పైన మేము పెంచిన అరమాత్ర. న్యూజిలాండ్‌లో 2016లో అచ్చయిన ఒక అధ్యయనం గురించి ఆవిడే చెప్పారు. తిన్నది పెద్దపేగు దాటడానికి వేరే మందులు వాడేవాళ్ళకి 23 గంటలు పడితే, క్లోజపిన్ వాడేవాళ్ళకి 104 గంటలు పట్టిందట. మలబద్ధకం ఉందా అని అడిగితే లేదన్నవాళ్ళకీ పేగు మందగించే ఉందట. అమెరికా ఔషధ సంస్థ 2020 జనవరిలో ఈ విషయం మీదే హెచ్చరికని గట్టిచేసింది.

మరి పీచుపదార్థం మంచిదని ఇసబ్‌గోల్ ఇచ్చాం కదా అంది అమ్మ. కదిలే పేగుకి అది మంచిదే, కదలని పేగులో, అదీ నీళ్ళు చాలకుండా వేస్తే ఉబ్బి ముద్దలా కూర్చుంటుంది అన్నారు మేడమ్. అమ్మ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. రాత్రి పూటకి సెన్నా ఉన్న మాత్ర రాశారు, పొద్దున నీళ్ళలో కలుపుకునే మాక్రోగాల్ పొడి రాశారు. సెన్నా అంటే సునాముఖి అని తెలిశాక అమ్మ మొహం కాస్త తేటపడింది. మా నాయనమ్మ నెలకోసారి పిల్లలందరికీ సునాముఖి ఆకు కషాయం పట్టేది. ఇవి మలబద్ధకం వచ్చాక వేసుకునేవి కావు, క్లోజపిన్ వేసుకున్నన్నాళ్ళూ పక్కన ఉండాల్సినవి అన్నారు. చొంగ మాత్ర ఆపేశారు. ఇప్పుడు దిండు మీద తువ్వాలు పరుస్తున్నాం, అంతే.

ఇంకో సంగతి నేను అస్సలు ఊహించనిది. వాడికి సిగరెట్ అలవాటు ఉంది. సిగరెట్ పొగ వల్ల కాలేయం క్లోజపిన్‌ని త్వరగా కరిగించేస్తుందట. ఆసుపత్రిలో మానేసిన తర్వాత అదే మోతాదు ఒంట్లో ఎక్కువగా నిలుస్తుంది, మత్తూ మలబద్ధకం రెండూ పెరుగుతాయి. అందుకే ఇప్పుడు వాడి మోతాదు 225 దగ్గరే ఆపారు. మానడం మంచిదే, కానీ మానినా, మళ్ళీ మొదలెట్టినా నాకు చెప్పాలి అని వాడితోనే మాట తీసుకున్నారు. దాక్కుని తాగితే తిడతానని అనలేదు. అందుకే వాడు ఆవిడకి నిజం చెబుతాడు.

అడగడం ఎలా అన్న చిక్కు కూడా ఆవిడే తీర్చారు. ఒక కాగితం ఇచ్చారు, బ్రిస్టల్ చార్ట్ అంటారట. మలం ఎలా ఉందో ఏడు రకాలుగా బొమ్మలు వేసి ఉంటాయి. 1 అంటే మేక పెంటికల్లా విడివిడిగా, 4 అంటే నున్నగా, 7 అంటే ఉత్త నీళ్ళు. కాగితాన్ని వాడి చేతికే ఇచ్చి, "నువ్వు నంబరు చెబితే చాలు" అన్నారు.

మా ఇంట్లో గోడ క్యాలెండర్ మీద అమ్మ పాల లెక్క, గ్యాస్ బండ మార్చిన తేదీ రాస్తుంది. ఇప్పుడు ప్రతి గడిలో కింద కుడిమూల పెన్సిల్‌తో చిన్న అంకె ఉంటుంది. అది వాడే వేస్తాడు. వెళ్ళని రోజు సున్నా. రెండు సున్నాలు వరసగా వస్తే మేడమ్ చెప్పినట్టు పొడి ఇంకో ప్యాకెట్. మూడో రోజుకి ఆవిడకి ఫోన్. పొట్ట గట్టిపడినా, నొప్పి వచ్చినా, వాంతి అయినా, గ్యాస్ పోవడం ఆగినా లెక్కలేమీ లేవు, నేరుగా క్యాజువాలిటీకి వెళ్ళి క్లోజపిన్ వాడుతున్నాడని ముందు చెప్పాలి. ఆ మాట ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి ఫైల్లో మొదటి పేజీగా పెట్టాను, రక్తపరీక్షలకన్నా పైన. మందు మాత్రం మా అంతట మేము ఆపం. ఆ మూడు వారాలు చూశాక ఆపే ధైర్యం ఎవరికీ లేదు.

ఎదురింటి పిన్ని ఆ అంకెలు చూసి, "రోజుకి నాలుగు లీటర్లు పాలు పోయించుకుంటున్నారా వదినా" అని అడిగిందట. అమ్మ అవునందట.

మొన్న మా పెదనాన్న గారి మనవరాలి పెళ్ళికి అందరం తెనాలి వెళ్ళాం. రెండు రోజులు బయటి తిండి, అర్ధరాత్రి ముహూర్తం, నిద్ర లేదు. తిరిగి వచ్చిన రోజు రాత్రి వాడే ఫోన్ చేశాడు. "అక్కా, నిన్న సున్నా, ఇవాళ సున్నా. రెండో ప్యాకెట్ కలుపుకుని తాగేశాను. రేపూ ఇంతే అయితే మేడమ్‌కి నేనే చేస్తాను, నువ్వు సెలవు పెట్టి రాకు."

పొద్దున ఆరున్నరకి నేను పాలు కాస్తుంటే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. హాల్లోంచి మా వారు పేపర్ దించి అడిగారు, "ఎంతట?"

"మూడు" అన్నాను.